దాపటంటే ఎలపట

పన్నెండో భాగం

పోయిన వారం మిమ్మల్ని నందిగామ గ్రౌండులో, ప్లాస్టిక్ కుర్చీల మధ్య వదిలేశాను. పాత ఆటగాళ్ళకు శాలువాలు కప్పిన రోజు అది. చందర్లపాడు వాలీబాల్ జట్టుకు ఒకప్పుడు కెప్టెనుగా ఉన్న వీరరాఘవయ్య గారు నా పక్కన కూర్చుని, నవ్వుతూ ఒక మాట అన్నారు.

"ఎంత తెలివిగా తిప్పారయ్యా ఆ రోజు. దాపటంటే ఎలపట. మీ బుల్లిబాబు ముందే వచ్చి చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మిమ్మల్ని ఆపటం మా వల్ల అయ్యేదా."

నలభై ఏళ్ళు దాటిన సంగతి. ఇప్పటికి అందరికీ తెలిసిపోయి ఉంటుంది అనుకుని అన్నారు. నాకు తెలియదు.

ఆ మాట సంగతి మళ్ళీ ఒకసారి చెబుతాను. అరక కట్టినప్పుడు ఎడమ పక్క ఎద్దు దాపట, కుడి పక్కది ఎలపట. మా పెనుగంచిప్రోలు జట్టులో బంతి లేపేవాణ్ణి నేను. లేపిన బంతిని కొట్టేవాడు బుల్లిబాబు. నేను దాపట అంటే బంతి నెట్టుకు ఎడమ పక్క లేస్తుంది. ఎలపట అంటే కుడి పక్క. ఆయన అటు ఉరికి ఎగురుతాడు. అవతల జట్టు వాళ్ళూ సేద్యగాళ్ళే కాబట్టి మా మాట వాళ్ళకూ తెలుసు. అందుకని ఎనభై మూడులో నందిగామ ఫైనల్‌కు ముందు, మున్నేటి ఇసుకలో ఆరుగురం కూర్చుని మాట తిరగేశాం. ఆ ఒక్క ఆటకు దాపటంటే ఎలపట, ఎలపటంటే దాపట. వాళ్ళు అటు ఎగరాలి, బంతి ఇటు లేవాలి.

మొదటి బంతికి నేను దాపట అన్నాను. నెట్టు దగ్గరున్న చందర్లపాడు వాళ్ళు ముగ్గురూ బంతి లేచే పక్కకే వచ్చి చేతులెత్తి నిలబడ్డారు. రెండో బంతికీ అంతే. మూడు గేములూ అంతే.

ఆటకు ముందురోజు నేను చందర్లపాడులో ఉన్నాను. నా చెల్లెలికి కానుపైతే చూడటానికి వెళ్ళాను. జనానికి అది చాలింది. ఆశీర్వాదం ఆట అమ్ముకున్నాడు అన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ సాయంత్రం నుంచి బంతి ముట్టుకోలేదు.

ఊరంతా అలా అంటున్న రోజుల్లో నా తరఫున మాట్లాడినవాడు ఒక్కడే. రచ్చబండ మీద నిలబడి, "ఆశీర్వాదం అట్టాంటోడు కాదు, ఇంకొకడు ఆ మాట అంటే ఊరుకోను" అన్నాడు. ఆ ఒక్కడూ బుల్లిబాబు.

*

నందిగామ నుంచి వచ్చి మూడు రోజులు ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున్నే చొక్కా తొడుక్కుంటుంటే నా భార్య ప్రేమకుమారి అడిగింది.

"ఎక్కడికి?"

"జగ్గయ్యపేట."

"ఏం పని?"

"బుల్లిబాబు గారితో మాట్లాడాలి."

"దేని గురించి?"

"ఆట గురించి."

"ముసలోడివయ్యావు, ఇంకా ఆటేంటయ్యా" అంది. నేను చెప్పులు వేసుకున్నాను.

ఆటోలో అప్పటికే ఏడుగురు ఉన్నారు. డ్రైవరు కదలడం లేదు.

"పెద్దాయనా, కాళ్ళు కొంచెం లోపలికి. ఇంకో ఇద్దరు పట్టాలి."

"ఇంకో ఇద్దరా? మమ్మల్ని దింపేసి ఎక్కించుకో నాయనా, హాయిగా పడతారు" అంది చేపల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒకామె.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను.

మా పేటలో చర్చి పక్కన ఖాళీ జాగా ఉండేది. మిషన్ వాళ్ళు అక్కడ నెట్టు కట్టించారు. ఊళ్ళో మరెక్కడా నెట్టు లేదు. అందుకని పెద్ద రైతుల పిల్లలు కూడా ఐదింటికి మా పేటలోకి వచ్చేవాళ్ళు. ఇంకే పని మీదా అటు రానివాళ్ళు బంతి కోసం వచ్చేవాళ్ళు. పొద్దున వాళ్ళ చేలో కలుపు తీసి, బాబు గారూ అని పిలిచి, సాయంత్రం అదే మనిషితో నెట్టు దగ్గర నిలబడేవాణ్ణి. కోర్టు గీత లోపలికి వచ్చాక బుల్లిబాబు నన్ను అన్నా అనేవాడు. నాకంటే మూడేళ్ళు చిన్న. నేను బుల్లీ అనేవాణ్ణి. గీత దాటితే మళ్ళీ నేను ఆశీర్వాదాన్ని, ఆయన బాబు గారు.

వాలీబాల్‌లో ఎవరినీ ఒకేచోట నిలబడనివ్వరు. సర్వీసు చేతికి వచ్చినప్పుడల్లా అందరూ ఒక్కో చోటు జరగాలి. వెనక ఉన్నవాడు ముందుకు రావాలి. ముందున్నవాడు వెనక్కి పోవాలి. ఆరుగురూ ఆరు చోట్లా నిలబడాల్సిందే. అలా జరిగే చోటు నాకు తెలిసి మా ఊళ్ళో అదొక్కటే.

ఆట మానేశాక చాలా రోజులు ఐదింటికి ఏం చేయాలో తెలిసేది కాదు. పశువులకు నీళ్ళు పెట్టేవాణ్ణి. పెట్టినవాటికే మళ్ళీ పెట్టేవాణ్ణి. బంతి చప్పుడు వినపడకుండా చర్చికి వెనక దారిన వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ అడిగేది కాదు. నేను చెప్పేవాణ్ణి కాదు.

*

బుల్లిబాబుకు జగ్గయ్యపేటలో పురుగుమందుల కొట్టు ఉంది. పైన ఇల్లు, కింద కొట్టు. నేను వెళ్ళేసరికి ఒక రైతు ఎండిన మిరప కొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి గొడవ పడుతున్నాడు.

"మీరిచ్చిన మందు రెండుసార్లు కొట్టానండి. పురుగు నన్ను చూసి నవ్వుతోంది."

"పొద్దున్నే కొట్టమంటే మిట్టమధ్యాహ్నం కొట్టుంటావు. నవ్వక ఏం చేస్తుంది" అన్నాడు బుల్లిబాబు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. "రా ఆశీర్వాదం. శాలువా కప్పారంటగా. గ్రూపులో ఫొటో చూశా. నేనూ వద్దామనే అనుకున్నా. మోకాళ్ళు."

కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. రైతు ఇంకో సీసా తీసుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"బుల్లీ" అన్నాను.

గీత బయట ఆ పేరుతో నేను ఎప్పుడూ పిలవలేదు. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"దాపటంటే ఏ పక్క?"

"ఏంటి?"

"ఫైనల్ రోజు. దాపటంటే ఏ పక్క?"

ఆయన జవాబు చెప్పేలోపు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆయన భార్య ప్రమీలారాణి గారు రెండు గ్లాసుల్లో టీ తెచ్చారు. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి.

"ఏం ఆశీర్వాదం, శాలువా కప్పుకుని వస్తావనుకున్నా. ప్రేమకుమారి బాగుందా? ఈయన్ని కూడా నందిగామ వెళ్ళమని చెప్పా. ఇస్త్రీ చొక్కా కూడా తీసిపెట్టా. ఎవరెవరొస్తున్నారో ఫోనులో పేర్లు చదివాడు. అంతే, మోకాళ్ళ నొప్పులొచ్చాయి. ముందురోజు దాకా లేవు మరి ఆ నొప్పులు."

"నువ్వు పైకెళ్ళు" అన్నాడు బుల్లిబాబు.

"వెళ్తాలే. నిజం చెబితే అంతే" అని ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

టీ మీద మీగడ కట్టింది.

"వీరరాఘవయ్య బావ చెప్పాడా?" అన్నాడు చివరికి.

"నాకు తెలుసనుకుని చెప్పారు."

"ఆయనకి పక్షవాతం అన్నారే."

"కాలు పడింది. నోరు బాగానే ఉంది."

ఆయన వీధిలోకి చూశాడు. పత్తి బోరాలు వేసుకుని ఒక ట్రాక్టరు పోతోంది. అది సందు తిరిగేదాకా చూశాడు.

"విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు, గుర్తుందా అన్నా? సెమీఫైనల్ రోజు. తెల్ల చొక్కా, మెడలో విజిలు."

అన్నా అన్నాడు. ఆ మాట నేను విననట్టే ఉన్నాను.

"గుర్తుంది. నీ కోసం వచ్చాడన్నారు."

"అందరూ అదే అన్నారు. నేనూ అదే అనుకున్నా. ఆట అవగానే నన్ను పిలిచాడు. తల దువ్వుకుని మరీ వెళ్ళా." ఆగాడు. "షాట్లు కొట్టేవాళ్ళు మాకు ఊరికి నలుగురు దొరుకుతారు బాబూ అన్నాడు. మీ లిఫ్టర్ పేరేంటి అన్నాడు. అతను లేపిన బంతి ఎవడికిచ్చినా కొడతాడు అన్నాడు. ఫైనల్లో ఇంకోసారి చూసి తీసుకెళ్తాం, డిపార్ట్‌మెంటు జట్టు, ఉద్యోగం కూడా ఇస్తాం, అతనితో చెప్పు అన్నాడు."

బల్ల అంచు పట్టుకున్నాను.

"నాకు చెప్పలేదు."

"చెప్పలా."

"నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. నాకు చెప్పలేదు."

"చెప్పలా అన్నా."

నేను వీరరాఘవయ్య గారి మాట అడగటానికి వచ్చాను. ఒక ఆట పోయిందనే అనుకుంటూ వచ్చాను. పోయింది ఆట కాదని ఆ కొట్టులో నిలబడ్డాక తెలిసింది. నా ఇంటి గుమ్మం దాకా వచ్చిన బతుకును నాకు కనపడకుండానే వెనక్కి పంపించాడు.

"కుళ్ళా?" అన్నాను.

"మొదట అదే." ఆయన అబద్ధం ఆడటం లేదని తెలుస్తోంది. "రెండు రోజులు అన్నం సయించలా. ఈ పొలాలు, ఈ కొట్టు, మా నాన్న ఇచ్చినవి. బుల్లిబాబు షాటు అనేది ఒక్కటే నా సొంతం అనుకున్నా. నందిగామలో ఆడితే చిల్లకల్లు దాకా చెప్పుకునేవాళ్ళు. అదీ నాది కాదు, నీ చేతుల్లోంచి వచ్చిందే అని ఆయన చెప్పి వెళ్ళిపోయాడు."

"తర్వాత?"

"తర్వాత భయమేసింది. నువ్వు పోతే నాకు బంతి ఎవరు లేపుతారు? ఓడిపోతే ఆయన నిన్ను తీసుకుపోడులే అనుకున్నా. ఇద్దరం ఊళ్ళోనే ఉంటాం. రోజూ ఐదింటికి ఆడుకుంటాం. వచ్చే ఏడు కప్పు కొడదాం అనుకున్నా. మోటారు సైకిలు వేసుకుని చందర్లపాడు పోయా. బావతో చెప్పా. వచ్చా." గొంతు తగ్గించాడు. "నువ్వు ఆ రోజుతో మానేస్తావని అనుకోలా. నిన్ను ఆపుదామని చేశా. ఆపినా నాకు బంతి లేకుండా పోయింది. ఆ తర్వాత నేను ఒక్క షాటు సరిగ్గా కొట్టలేదు, నీకు తెలుసో తెలీదో."

"నాకు తెలియదు. నేను వెనక దారిన పోయేవాణ్ణి."

ఆయన తల వంచుకున్నాడు.

నాకు రెండో గేము గుర్తొచ్చింది. ఆరు పాయింట్లు వరసగా పోయాక నేను ఆయన చెవి దగ్గరికెళ్ళి, బుల్లీ, మాట మామూలుగా పెడదాం, దాపటంటే దాపటే అన్నాను. వద్దన్నా, మధ్యలో మారిస్తే మనోళ్ళే తికమకపడతారు అన్నాడు. నేను సరే అన్నాను. మా జట్టు కెప్టెన్ మాట. పైగా బుల్లి మాట. అదే అడిగాను.

"గుర్తుంది" అన్నాడు.

"అప్పుడైనా ఆపొచ్చు."

"ఆపొచ్చు."

"నేను ముందురోజు చందర్లపాడులో ఉన్నానని నీకు తెలుసా?"

"నీ మీదకి వస్తుందని తెలిస్తే చేసేవాణ్ణి కాదు. దేవుడి మీద ఒట్టు."

"నీ మీదకి రాకుండా ఉంటే చాలనుకున్నావు."

ఆయన కళ్ళజోడు అద్దాలు చొక్కాతో తుడిచాడు.

"ఊళ్ళో నా తరఫున మాట్లాడావు" అన్నాను.

"మాట్లాడా."

"ఆ విజయవాడాయన దగ్గర?"

ఆయన కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"అడిగాడు. మీవాడు అమ్ముడుపోయాడంట కదా అని. నేను మాట్లాడలా. నేల చూస్తా నిలబడ్డా. ఆయన జీపు ఎక్కాడు."

రచ్చబండ మీద ఆయన నిలబడి అరిచింది నేను నలభై ఏళ్ళు నెత్తిన పెట్టుకున్నాను. ఆయన మిరప కల్లాల్లో కాపలా పడుకున్నాను. ఆయన కూతురి పెళ్ళికి మూడు రోజులు పందిట్లోనే ఉన్నాను. క్రిస్మస్‌కు ఆయన పంపిన బియ్యంతోనే మా ఇంట్లో పండగ వంట. ఆ రోజు ప్రార్థనలో నా పిల్లల పేర్లు చెప్పి, తర్వాత ఆయన పేరు చెప్పేవాణ్ణి. దేవుడు ఆ పేరు విన్నప్పుడల్లా ఏమనుకున్నాడో.

"మన ఆరుగురిలో నలుగురం మిగిలాం" అన్నాను. "నువ్వు, నేను, స్తెఫను, చిన్నబాబు. ఈ ఆదివారం చర్చి అయిపోయాక వాళ్ళిద్దర్నీ మన కోర్టు దగ్గరికి రమ్మంటాను. నువ్వొచ్చి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు."

"ఇప్పుడా అన్నా? ఎవరికి గుర్తుంది అదంతా?"

"నందిగామలో నాకు శాలువా కప్పుతుంటే వెనక కుర్చీలో ఒకడు, అమ్ముకున్నోళ్ళకి కూడా కప్పుతున్నారా అన్నాడు. వాడికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మనం ఆడిన నాటికి వాడు పుట్టలేదు."

ఆయన బల్ల మీది ఎండిన మిరప కొమ్మ తీసి పక్కన పెట్టాడు.

"నా మీద నుంచి ఆ మాట తియ్యి బుల్లీ. నాకింకేం వద్దు. డెబ్భైకి వచ్చాను. నేను పోయాక కూడా అది ఊళ్ళో తిరుగుతుంది. నా మనవలు వింటారు."

"చెబుతా" అన్నాడు.

నేను వెనక్కి తిరిగాను.

"చెబుతా గానీ, చెబితే మొత్తం చెప్పాల్సొస్తుంది."

"చెప్పు మొత్తం."

"తొందరపడమాక అన్నా. నువ్వు ఊరు దాటిపోవటం ఇష్టం లేంది నాకు ఒక్కడికేనా?"

"ఇంకెవరికి?"

అంతలో మోటారు సైకిలు మీద ఇద్దరు రైతులు వచ్చి ఆగారు. బుల్లిబాబు కళ్ళజోడు పెట్టుకున్నాడు. వాళ్ళు లోపలికి వచ్చేలోపు, నాకు మాత్రమే వినపడేట్టు చెప్పాడు.

"ఇంట్లో అడుగు."

*

వచ్చేటప్పుడు ఆటో ఖాళీగానే ఉంది. దారంతా ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. మా నాన్న అప్పటికే పోయాడు. మా అమ్మ నేనెక్కడికి పోయినా వెనక వచ్చేది. పిల్లలు అప్పటికి పుట్టలేదు. ఎంత తలుచుకున్నా ఆ ఇంట్లో మిగిలింది ఒక్క మనిషే. ఆ పేరు దగ్గరికి రాగానే ఆలోచన పక్కకు తిప్పుకుంటూ వచ్చాను.

మూడు గంటలవుతుండగా ఇంటికి చేరాను. ప్రేమకుమారి వాకిట్లో గోనె పరుచుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఈ కాలంలో మా పేటలో ఆడవాళ్ళందరికీ అదే పని.

"అన్నం తిన్నావా?" అంది.

"లేదు."

"కాళ్ళు కడుక్కో. పెడతా."

నేను కదలలేదు. చెప్పులు కూడా విప్పలేదు.

"బుల్లిబాబు చెప్పాడు" అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. కాయ తీసింది, తొడిమ తుంచింది, పక్కకు వేసింది.

"ఏం చెప్పాడు?"

"విజయవాడ ఉద్యోగం సంగతి. మాట చందర్లపాడుకు మోసింది తనేనని."

"ఇంకా?"

"ఇంట్లో అడగమన్నాడు."

ఇంకో కాయ తీసింది. దాన్ని తుంచలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నాతో నలభై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి. జ్వరం వస్తే నా నుదురు ముట్టుకోకుండానే చెప్పేస్తుంది. నేను ఆట మానేసిన రోజు, ఎందుకు మానేశావని నన్ను అడగని ఒకే ఒక్క మనిషి. అడగకపోవటం నా మీద జాలి అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

"నీకు తెలుసా?"

"తెలుసు" అంది.

"జనం నన్ను అంటున్నప్పుడు తెలుసా?"

"తెలుసు."

"నా మొహం చూస్తూ ఊరుకున్నావా?"

ఆమె కళ్ళు తుడుచుకోబోయి, చేతులకు కారం ఉందని ఆగిపోయింది. మోచేత్తో తుడుచుకుంది.

"ఎప్పుడు చెప్పాడు నీకు? ఆట అయిపోయాకా? ఆ సాయంత్రమా?"

"కాదు."

"మరెప్పుడు?"

ఆమె తలెత్తి నన్ను చూసింది.

"ఆటకు ముందురోజయ్యా. నువ్వు చందర్లపాడు బయలుదేరాక, బుల్లిబాబు గారి మోటారు సైకిలు మన వాకిట్లోనే ఆగింది."